పూర్వగ్రంథ పఠనం – ఈమాన్ దృఢత: ‘తబ్యీనుల్ కలామ్’పై ఒక పరిశీలన

1862లో గాజీపూర్‌లో ఒక న్యాయాధికారి సొంత ఖర్చుతో నెలకొల్పుకున్న ముద్రణాలయంలో ఒక గ్రంథం అచ్చయింది. పుటలో ఒక ప్రక్క ఉర్దూ, మరొక ప్రక్క ఇంగ్లీషు. మూలవాక్యాల కోసం హీబ్రూ అచ్చు అక్షరాలు సైతం ఆ ముద్రణాలయానికి తెప్పించారు. గ్రంథం పేరు ‘తబ్యీనుల్ కలామ్ ఫీ తఫ్సీరిత్ తౌరాతి వల్ ఇంజీల్ అలా మిల్లతిల్ ఇస్లామ్’. రచయిత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ (1817–1898). ఒక ముస్లిం బైబిలును ఖండించటానికి కాక దానికి తఫ్సీర్ వ్రాయటానికి పూనుకోవటం ఆనాటి ఉత్తర హిందూస్థానంలో చిన్న సంగతి కాదు. 1857 గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పాద్రీ పేరు వింటేనే పల్లెల్లో, పట్టణాల్లో జనం ఉలికిపడే రోజులవి.

ఈ గ్రంథాన్ని పొగిడినవారిలోను, తెగిడినవారిలోను దాన్ని పూర్తిగా చదివినవారు తక్కువ. అలీగఢ్ ఉద్యమాన్ని మెచ్చుకునేవారు దాన్ని మతసామరస్యానికి తొలి మెట్టని పేర్కొని ముందుకు సాగిపోతారు. ఆ ఉద్యమాన్ని గర్హించేవారు దాన్ని పాలకుల మెప్పు కోసం వ్రాసిన గ్రంథమని త్రోసిపుచ్చుతారు. ఈ రెండు తీర్పుల మధ్య అసలు ప్రశ్న మరుగున పడిపోయింది. ఒక విశ్వాసి తౌరాత్, ఇంజీళ్ల పేరిట నేడు లభ్యమవుతున్న గ్రంథాలను చదివితే అతని ఈమాన్‌కు మేలు కలుగుతుందా? కలిగితే అది ఏ విధమైన పఠనం వల్ల?

దీనికి పూర్వరంగం ఆగ్రాలో జరిగింది. 1854 ఏప్రిల్ 10, 11 తేదీల్లో జర్మన్ పాద్రీ ఫండర్‌కు, మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీకి (1818–1891) బహిరంగ వాదం నడిచింది. ‘మీజానుల్ హఖ్’ వ్రాసి ముస్లిం పండితులను సవాలు చేస్తూ వచ్చిన ఫండర్, ఎదుటివారికి తమ పాతపుస్తకాలు తప్ప మరేమీ తెలియవనే భరోసాతో వచ్చాడు. అయితే మౌలానా ప్రక్కన డాక్టర్ వజీర్ ఖాన్ కూర్చున్నారు. లండన్‌లో వైద్యం చదివేటప్పుడు ఐరోపా పండితులే బైబిలు పాఠంపై వ్రాసిన విమర్శగ్రంథాలను ఆయన సేకరించారు. తమ గ్రంథంలో కొన్నిచోట్ల పాఠభేదాలున్నాయని ఫండర్ ఆ సభలో ఒప్పుకోక తప్పలేదు. 1857 తర్వాత మౌలానా మక్కాకు వలస వెళ్లారు. సుల్తాన్ అబ్దుల్ అజీజ్ కోరికపై 1864లో ఇస్తాంబుల్‌లో ‘ఇజ్‌హారుల్ హఖ్’ రచించారు. అంటే ‘తబ్యీనుల్ కలామ్’ మొదటి, రెండవ సంపుటాల (1862, 1865) నడుమనే ఆ గ్రంథ రచన కూడా జరిగింది. ఒకే దేశం, ఒకే తరం, దాదాపు ఒకే వయస్సు గల ఇద్దరు వ్యక్తులు, ఒకే గ్రంథాన్ని చేతబట్టి రెండు వేర్వేరు దిశలకు నడిచారు.

అసలు చదవవచ్చునా అనే శంక కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తౌరాత్‌కు చెందిన వ్రాతను తెచ్చి చదవబోగా దైవప్రవక్త (స) ముఖం ఎర్రబడిందనీ, మూసా (అ) జీవించి ఉన్నా తనను అనుసరించక తప్పదని సెలవిచ్చారనీ తెలిపే ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దాని పరంపరలోని ముజాలిద్ అనే ఉల్లేఖకుడిలో బలహీనత ఉందని ఇబ్నె హజర్ తెలిపారు. మరోవైపు బనీ ఇస్రాయీల్ వృత్తాంతాలను చెప్పుకోవటంలో దోషం లేదనే హదీసు, గ్రంథప్రజల మాటలను నిజమనీ అనవద్దు, అబద్ధమనీ అనవద్దనే హదీసు సహీహ్ బుఖారీలోనే ఉన్నాయి. వీటన్నిటినీ ముందుంచుకుని ఇబ్నె హజర్ ‘ఫత్‌హుల్ బారీ’లో ఇచ్చిన తీర్పు మధ్యేమార్గం: విశ్వాసంలో ఇంకా స్థిరపడనివాడు వాటి జోలికి పోరాదు, జ్ఞానంలో పాదుకున్నవాడు చూడవచ్చు, ప్రతివాదికి సమాధానం చెప్పవలసి వచ్చినప్పుడు మరీను.

ఇబ్నె హజర్ శిష్యుల్లోనే ఈ విషయమై పెద్ద రగడ జరిగింది. బుర్హానుద్దీన్ బిఖాయీ (మరణం 1480) కైరోలో ‘నజ్ముద్దురర్’ అనే తఫ్సీర్ వ్రాస్తూ తౌరాత్ నుండి, నాలుగు సువార్తల నుండి పుటల కొద్దీ భాగాలను ఉదహరించారు. సఖావీ దాన్ని నిషిద్ధమని నిరూపించటానికి ఒక గ్రంథమే వ్రాశారు. బిఖాయీ తన సమర్థనకు ‘అల్ అఖ్వాలుల్ ఖవీమా’ వ్రాసుకున్నారు. ఖుర్‌ఆన్ క్లుప్తంగా సూచించే ఘట్టాలకు వివరణ కావలసి వచ్చినప్పుడు, నోటిమాటగా వచ్చిన ఇస్రాయీలియాత్ కట్టుకథలను నిస్సంకోచంగా ఎత్తి వ్రాసిన ముఫస్సిర్లు, అదే ఘట్టం ఉన్న అసలు గ్రంథాన్ని విప్పి చూడటాన్ని మాత్రం పాపంగా ఎంచారన్నది చరిత్రలోని విడ్డూరం. బిఖాయీ వాదానికున్న బలం అక్కడే ఉంది.

సర్ సయ్యద్ ఈ పరంపర నుండి విడివడి ఆలోచించినవారు కారు. మొదటి సంపుటంలోని పది ఉపోద్ఘాతాల్లో ఆయన నిలబెట్టదలచిన ప్రధానాంశం ‘తహ్రీఫ్’ స్వరూపం. గ్రంథప్రజలు మాటలను తారుమారు చేశారని ఖుర్‌ఆన్ పలుచోట్ల ఆక్షేపించింది (2:75, 4:46, 5:13). ఆ మార్పు అక్షరాల్లో జరిగిందా, అర్థంలో జరిగిందా? ఇబ్నె హజ్మ్ వంటివారు అక్షరాల్లోనే అన్నారు. దేవుని గ్రంథంలోని పదాన్ని తొలగించటం ఎవరి తరమూ కాదనీ, వారు చేసింది అపవ్యాఖ్యానమనీ సహీహ్ బుఖారీలోని ఒక వాక్యం. షా వలీయుల్లాహ్ ‘అల్ ఫౌజుల్ కబీర్’లో మొగ్గింది కూడా ఇటువైపే. సర్ సయ్యద్ ఈ రెండవ పక్షాన్ని స్వీకరించి, దానిపై తన కట్టడమంతా లేపారు.

విమర్శకుడు ఇక్కడ కాస్త నిదానించవలసి ఉంది. బుఖారీలోని ఆ వాక్యం హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) పలుకా, ఇమాం బుఖారీ సొంత వివరణా అన్న చర్చ వ్యాఖ్యాతల్లో ఉంది. అంతేకాదు, అదే బుఖారీలో ఇబ్నె అబ్బాస్ మాటగా మరొకటి కూడా ఉంది. మీ వద్ద కొత్తగా అవతరించిన స్వచ్ఛమైన గ్రంథం ఉండగా గ్రంథప్రజలను అడగటం ఎందుకని ఆయన మందలిస్తారు. వారు గ్రంథాన్ని మార్చారనీ, తమ చేతులతో వ్రాసుకున్నారనీ అక్కడ స్పష్టంగా పలుకుతారు. స్వహస్తాలతో వ్రాసి దేవునికి అంటగట్టేవారిని గురించిన ఆయతు (2:79) కూడా ఉండనే ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే తహ్రీఫ్ అంతా అర్థానికే పరిమితమనటం బరువు మోయలేని దూలంపై మేడ కట్టటమే అవుతుంది. అట్లాగే ఇంజీల్ ప్రజలను దానిలో దేవుడు అవతరింపజేసిన దాని ప్రకారం తీర్పు చెయ్యమనే ఆయతును (5:47) మరచి, అందులో ఒక్క మాటా మిగల్లేదనటం కూడా ఖుర్‌ఆన్‌ను సగమే చదవటం. ఖుర్‌ఆన్ తనను తాను పూర్వగ్రంథాలను ధ్రువపరచేదిగా, వాటిపై సంరక్షకురాలిగా (5:48) చెప్పుకుంది. ఈ రెండు మాటలనూ విడదీయరాదు. కావలివాడు పంటను తగులబెట్టడు, కలుపును పంటగా లెక్కించడు.

ఆ సిద్ధాంతం ఎట్లా ఉన్నా గ్రంథంలో జరిగిన పని విలువైనది. హీబ్రూ మూలవాక్యం, దాని అనువాదం, దానికి ఎదురుగా సంబంధించిన ఖుర్‌ఆన్ ఆయతు, హదీసు. ఈ అమరిక వల్ల పాఠకుడు ఒకరి అభిప్రాయం వినడు, తన కళ్లతో రెండు గ్రంథాలనూ చూస్తాడు. హీబ్రూ విషయంలో చిరియాకోట్‌కు చెందిన మౌలానా ఇనాయత్ రసూల్ సహాయం ఆయనకు లభించింది. మదరసాలో చదివిన ఆలిమ్ ఒకరు యూదుల వద్ద కూర్చుని హీబ్రూ నేర్చుకోవటం ఆనాటి విద్యావాతావరణాన్ని గురించి మనకుండే కొన్ని తేలిక అభిప్రాయాలను సరిచేయవలసిన సంగతి. రెండవ సంపుటం ఆదికాండం పదకొండు అధ్యాయాలతో ఆగింది. మత్తయి సువార్త మొదటి ఐదు అధ్యాయాలపై వ్రాసిన మూడవ భాగం ఉర్దూలో మాత్రమే వెలువడింది.

లోపం మరొకచోట ఉంది. ఈ గ్రంథం ఇద్దరు శ్రోతలతో ఒకేసారి మాట్లాడింది. ఉర్దూ వరుస చదివే ముస్లింకు ‘భయపడకు, ఇదీ నీ గ్రంథమే’ అని చెప్పాలి. ఇంగ్లీషు వరుస చదివే అధికారికి ‘మేము మీకు శత్రువులం కాము’ అని చెప్పాలి. అందువల్ల సామ్యం కనిపించిన చోట కలం ఉత్సాహంగా పరుగెత్తుతుంది. భేదం ఎదురైన చోట సర్దుబాటు వెతుకుతుంది. ఆదికాండం రెండవ అధ్యాయంలో ఆరు రోజుల సృష్టి తర్వాత ఏడవ దినాన దేవుడు విశ్రమించాడని ఉంది. ఖుర్‌ఆన్ (50:38) అదే ఆరు దినాలను పేర్కొని, తనకు ఏ అలసటా కలగలేదని ప్రకటిస్తుంది. ఇటువంటి చోట రెండింటినీ దగ్గరకు లాగితే ఆ ఆయతులోని చివరి మాట ఎందుకు వచ్చిందో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు. భేదాన్ని ఉన్నదున్నట్టు నిలబెడితేనే ఆ ఒక్క మాట బరువు తెలుస్తుంది.

‘ఇజ్‌హారుల్ హఖ్’ లోపం దీనికి విరుద్ధమైనది. దాని పాండిత్యం నిర్వివాదాంశం. వంశావళుల్లోని వైరుధ్యాలు, సంఖ్యల తేడాలు, పాఠభేదాలు ఎంత శ్రద్ధగా ఏరి కూర్చారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పాద్రీల ధాటికి సామాన్య ముస్లిం బెదిరిపోతున్న రోజుల్లో అది కోటగోడలా నిలిచింది. అయితే గోడ కాపాడుతుంది, అన్నం పెట్టదు. ఆ గ్రంథం నుండి తప్పులు పట్టే మెళకువను మాత్రమే నేర్చుకున్న తర్వాతి తరాల చిన్నపుస్తకాల రచయితలు బైబిలును నేరస్థుని వాఙ్మూలంగా తప్ప చూడలేకపోయారు. ఎదుటివాడి గ్రంథంలోని తప్పుల లెక్కపై ఆధారపడిన ఈమాన్, ఆ లెక్కలో ఒక తప్పు కొట్టుబడినప్పుడల్లా తూలుతుంది.

దీనికి రెండు ఉదాహరణలు చాలు. ‘బర్నబాసు సువార్త’ను 1907లో ఇంగ్లీషులోను, 1908లో రషీద్ రిజా ప్రోత్సాహంతో అరబీలోను ప్రచురించిన నాటి నుండి ముస్లిం వాదకులు దాన్ని తురుఫు ముక్కగా వాడుతూ వచ్చారు. అందులో ఈసా (అ) తాను మసీహ్‌ను కానంటారు. ఖుర్‌ఆన్ ఆయనను మసీహ్ అనే పిలుస్తుంది. ఖుర్‌ఆన్‌తోనే పొసగని గ్రంథాన్ని ఖుర్‌ఆన్‌కు సాక్షిగా నిలబెట్టడం ఎటువంటి తర్కం? రెండవది యోహాను సువార్తలోని ‘పారక్లీట్’ పదం. అది ‘అహ్మద్’ అర్థమిచ్చే మరొక గ్రీకు పదానికి మార్పు అనే వాదం చాలా పుస్తకాల్లో తిరుగుతున్నది. లభించిన గ్రీకు వ్రాతప్రతుల్లో ఏ ఒక్కదానిలోనూ ఆ మరొక పదం లేదు. ఈసా (అ) తన తర్వాత రాబోయే ప్రవక్తను గూర్చి శుభవార్త ఇచ్చారని (61:6) విశ్వసించటానికి ముస్లింకు ఖుర్‌ఆన్ సాక్ష్యం చాలు. దానికి లేని వ్రాతప్రతిని దన్నుగా పెట్టనక్కరలేదు.

అయితే ఈ రెండు త్రోవలకు భిన్నమైన మూడవ పఠనం ఉందా అంటే, ఉంది. దానికి మంచి నిదర్శనం మౌలానా హమీదుద్దీన్ ఫరాహీ (1863–1930). అలీగఢ్‌లో ఆచార్యుడుగా ఉన్న జర్మన్ యూదు పండితుడు జోసెఫ్ హోరోవిట్స్ వద్ద ఆయన హీబ్రూ నేర్చుకున్నారు. 1914 నుండి 1919 వరకు హైదరాబాదు దారుల్ ఉలూమ్‌కు ప్రధానాచార్యులుగా పనిచేశారు. దేవుని ఆజ్ఞపై హజ్రత్ ఇబ్రాహీం (అ) బలి ఇవ్వబోయిన కుమారుడు ఎవరనే అంశంపై ఆయన ప్రత్యేక గ్రంథం వ్రాశారు. ఇది క్రైస్తవులతో తగాదా మాత్రమే అనుకునేవారు పొరబడతారు. తొలి ముఫస్సిర్లలోనే ఇందులో ఏకాభిప్రాయం లేదు. ఇమాం తబరీ ఇస్‌హాఖ్ (అ) వైపు మొగ్గగా, ఇబ్నె కసీర్ ఇస్మాయీల్ (అ) అని బల్లగుద్ది చెప్పారు. ఫరాహీ ఆ ముడిని తౌరాత్ చేతనే విప్పించారు. ఆదికాండం 22వ అధ్యాయంలో బలికి అడిగినది ‘ఏకైక’ కుమారుని. అదే గ్రంథం ప్రకారం ఇస్మాయీల్ పుట్టినప్పుడు తండ్రి వయస్సు 86, ఇస్‌హాఖ్ పుట్టినప్పుడు 100. ఇస్‌హాఖ్ ఏ దినమూ ఏకైక కుమారుడు కాడు. పధ్నాలుగేళ్లపాటు ఆ స్థానం ఇస్మాయీల్‌ది. ఇక్కడ బైబిలును తిట్టలేదు, సర్దుబాటూ చెయ్యలేదు. గ్రంథాన్ని మాట్లాడనిచ్చి, ఖుర్‌ఆన్ కాపలాలో విన్నారు.

ఈ వినికిడి అలవడినవారికి సూరా యూసుఫ్ మరో విధంగా వినిపిస్తుంది. ఆదికాండం 37వ అధ్యాయంలో కుమారుని కల విని తండ్రి గద్దిస్తాడు. రక్తసిక్తమైన అంగీని చూసి మృగం చంపిందని నమ్మి బట్టలు చించుకుంటాడు. ఖుర్‌ఆన్‌లో తండ్రి కలను విని గద్దించడు, అన్నలకు చెప్పవద్దని జాగ్రత్త చెబుతాడు. రక్తపు చొక్కాను చూసి నమ్మడు, ఇది మీ మనస్సులు అల్లిన కథ అని ముఖానే అని సహనం వహిస్తాడు. ఒకరు కుమారుని పోగొట్టుకున్న తండ్రి, రెండవవారు కుమారుని పోగొట్టుకుని కూడా ప్రవక్తగా మిగిలిన తండ్రి. ఆదికాండంలో యజమాని భార్య చేతిలో వస్త్రం వదలి యూసుఫ్ పారిపోగా, ఆ వస్త్రమే ఆయనపై నేరానికి సాక్ష్యమవుతుంది. ఖుర్‌ఆన్‌లో వెనుక నుండి చిరిగిన చొక్కా ఆయన నిర్దోషిత్వానికి సాక్ష్యమవుతుంది. చివరకు మూడవ చొక్కా తండ్రి కన్నులకు చూపు తెస్తుంది. అబద్ధం చెప్పించిన చొక్కా, నిజం చెప్పిన చొక్కా, చూపునిచ్చిన చొక్కా. ఆదికాండం చదవనివారికి ఇందులో ఏది ఖుర్‌ఆన్ ప్రత్యేకతో పోల్చుకోవటం కష్టం.

హదీసుల విషయంలోనూ అంతే. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తీర్పుదినాన సింహాసనాసీనుడైన మనుష్యకుమారుడు, తాను ఆకలిగొన్నప్పుడు, దప్పిగొన్నప్పుడు, రోగియైనప్పుడు ఎవరు ఆదరించారో, ఎవరు ఆదరించలేదో చెబుతాడు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసె ఖుద్సీ దాదాపు ఈ నడకలోనే సాగుతుంది. అక్కడ ప్రశ్నించేది స్వయంగా అల్లాహ్. చాలామంది ఈ పోలిక దగ్గరే ఆగిపోతారు, కొందరు సంతోషంతో, కొందరు ఇబ్బందితో. ఎదురు ప్రశ్నను గమనించాలి. సువార్తలో జనం అడిగేది ‘ఎప్పుడు’ అని: నిన్ను మేము ఆ స్థితిలో ఎప్పుడు చూశామని. హదీసులో దాసుడు అడిగేది ‘ఎలా’ అని: సకల లోకాల ప్రభువైన నిన్ను నేను పరామర్శించటం ఎలాగని. మొదటిది జ్ఞాపకాన్ని గూర్చిన ప్రశ్న, రెండవది తౌహీద్‌ను గూర్చిన ప్రశ్న. దానికి వచ్చే జవాబు కూడా అంత జాగ్రత్తగానే ఉంది. రోగిని పరామర్శించి ఉంటే నన్ను అతని వద్ద పొందేవాడివి, అన్నం పెట్టి ఉంటే దాని ఫలాన్ని నా వద్ద పొందేవాడివి అన్న అర్థంలో సాగుతుందే గాని, ప్రభువు రోగిలో కలిసిపోడు. దీనులపై అదే కరుణ, ప్రభువుకూ దాసునికీ మధ్య చెరగని గీత. సువార్తను ప్రక్కన పెట్టుకుని చదివినప్పుడు ఆ గీత ఎక్కడ గీయబడిందో కంటికి కనబడుతుంది.

తెలుగు పాఠకుడికి మరొక చిక్కు ఉంది. ఉర్దూ చదివేవారికి బైబిల్లోనూ ఇబ్రహామ్, యూసుఫ్, మూసా పేర్లు పరిచయమైన రూపాల్లోనే ఎదురవుతాయి. తెలుగు బైబిలులో అబ్రాహాము, యోసేపు, హాగరు, ఇష్మాయేలు, యోహాను కనిపిస్తారు. బాప్తిస్మమిచ్చు యోహానే యహ్యా (అ) అని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. ఒకే వ్యక్తి రెండు పేర్లతో రెండు మతాలకు చెందిన ఇద్దరు మనుషులైపోయారు. తెలుగు ‘ఆదరణకర్త’ను మాత్రమే చూసినవారికి పారక్లీట్ వివాదం ఏమిటో అంతుపట్టదు. ఆ గ్రీకు పదానికి పక్షాన నిలిచి మాట్లాడేవాడనే అర్థమూ ఉంది, అది ఈ అనువాదంలో జారిపోయింది. ఇటువంటి చోట అనువాదాన్ని మూలంగా భ్రమించి వాదానికి దిగేవారు రెండు పక్షాల్లోనూ ఉన్నారు.

కనుక ఇబ్నె హజర్ పెట్టిన షరతు నేటికీ కొట్టివేయదగింది కాదు. ఖుర్‌ఆన్‌ను అర్థంతో ఒక్కసారైనా ఆద్యంతం చదవనివాడు బైబిలుతో మొదలుపెట్టరాదు. అతనికి కొలబద్ద ఉండదు. అయితే ‘స్థిరపడినవారు’ అనే మాటను ఎన్నడూ ఎవరికీ వర్తించనంత ఎత్తున కట్టి, దాన్ని బద్ధకానికి ముసుగు చేసుకోవటం కూడా జరుగుతున్నది. క్రైస్తవ సోదరుల ప్రక్కనే నివసిస్తూ, వారి పాఠశాలల్లో పిల్లలను చదివిస్తూ, వారి గ్రంథంలో ఏముందో తెలియని పండితుడు ఆ పిల్లల ప్రశ్నలకు ఏమని జవాబిస్తాడు?

‘తబ్యీనుల్ కలామ్’ను అటు ముస్లింలూ ఆదరించలేదు, ఇటు క్రైస్తవులూ ఆదరించలేదు. 1869లో రచయిత ఇంగ్లండు వెళ్లారు. సర్ విలియం మ్యూర్ వ్రాసిన ప్రవక్త జీవిత చరిత్రకు సమాధానంగా 1870లో అక్కడ వ్యాసాలు ప్రచురించారు. తిరిగి వచ్చాక కళాశాల పనిలో మునిగిపోయారు. మత్తయి సువార్త వ్యాఖ్యానం ఐదవ అధ్యాయంతో నిలిచిపోయింది. ఈసా (అ) తన శిష్యులకు దేవుని ఎట్లా వేడుకోవాలో నేర్పిన ప్రార్థన ఆరవ అధ్యాయంలో ఉంది. సూరా ఫాతిహా ప్రక్కన దాన్ని పెట్టి చూడవలసిన పుట వద్దకు ఆ కలం చేరలేదు.